హార్మోనియం కదలదు, పియానోనే కదపాలి

గుంటూరు బ్రాడీపేటలో ఒక చర్చి. ఆదివారం ఆరాధనకు అరగంట ముందు పాటల బృందం సర్దుకుంటోంది అనుకుందాం. ఎన్నో ఏళ్లుగా అదే మూలన ఉన్న హార్మోనియం, దాని పక్కన స్టూలు మీద లాప్‌టాప్, దానికి తగిలించిన చిన్న కీబోర్డు. లాప్‌టాప్‌లో ఎలక్ట్రిక్ పియానో సాఫ్ట్‌వేర్ ఉంది. హార్మోనియం ఒక్కటే వాయిస్తే బాగుంటుంది, పియానో ఒక్కటే వాయించినా బాగుంటుంది. రెండూ కలిపి ఒకే స్వరం పట్టుకోగానే శబ్దం ఊగడం మొదలవుతుంది, నీళ్ల మీద లైటు వెలుగు వణికినట్టు. "మాస్టారూ, పియానో కొంచెం దిగినట్టుంది, పెంచండి" అంటుంది పాడే అమ్మాయి. ఆమె చెవి సరిగ్గానే పట్టుకుంది. వాయించే ఆయన, స్వరాలన్నిటినీ కలిపి పైకో కిందికో జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కుతాడు. ఇంతకుముందు ఊగింది, ఇప్పుడు ఏకంగా కరుస్తుంది.

ఏం జరిగిందో లెక్కలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరాన్ని, అంటే ఒక అర శ్రుతిని, 100 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. షడ్జం నుంచి పై షడ్జం దాకా, అంటే స్థాయి మొత్తానికి, 1200 సెంట్లు. సాఫ్ట్‌వేర్ పియానోలో మధ్య 'ఎ' స్వరం, అంటే మనవాళ్లు ఆరు శ్రుతి అనేది, సెకనుకు 440 కంపనాల దగ్గర ఉంటుంది. ఆ హార్మోనియం 25 సెంట్లు ఎక్కువలో ఉందనుకుంటే దాని 'ఎ' 446.4 దగ్గర పలుకుతుంది. తేడా సెకనుకు 6.4 కంపనాలు. చెవికి వినిపించిన ఊపు సరిగ్గా అదే, సెకనుకు ఆరుసార్లకు పైగా శబ్దం పెరిగి తగ్గుతుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ కదిపేది 100 సెంట్ల చొప్పున. 25 సెంట్లు కింద ఉన్న పియానో ఒక్క నొక్కుతో 75 సెంట్లు పైకి పోయింది. పావు అడుగు గుంట పూడ్చడానికి అడుగు మట్టి పోసినట్టు.

అక్కడ కావలసిన మీట వేరే ఉంది. ఎలక్ట్రిక్ పియానో సాఫ్ట్‌వేర్లలో దాని పేరు ట్యూన్ అనో, ఫైన్ ట్యూన్ అనో, మాస్టర్ ట్యూన్ అనో ఉంటుంది. దాన్ని ఒక్కో సెంటు చొప్పున తిప్పవచ్చు. కొన్నిటిలో సెంట్లకు బదులు నేరుగా 440 అనే అంకె కనిపిస్తుంది, దాన్ని 446 చేస్తే దాదాపు అదే పని. హార్మోనియం మీద ఒక స్వరం పట్టి ఉంచి, పియానోలో అదే స్వరం నొక్కుతూ ఈ మీట నెమ్మదిగా పెంచాలి. ఊపు సెకనుకు ఆరు నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి దిగి, చివరికి ఊపిరి తీసినంత మెల్లగా ఒకసారి ఊగి ఆగిపోతుంది. ట్యూనర్ యాప్ ఉంటే పని త్వరగా అవుతుంది కానీ, యాప్ లేకపోయినా ఈ ఊపు లెక్క మోసం చేయదు. ఒక్క జాగ్రత్త ఉంది. ఆ సమయంలో కోరస్ ఎఫెక్ట్ ఆపేయాలి. కోరస్ చేసే పనే శ్రుతిని అటూఇటూ వణికించడం. అది ఆన్‌లో ఉంటే ఏ ఊపు దేనిదో తెలియదు, యాప్ సూది కూడా నిలబడదు. ట్రెమొలో అలా కాదు, అది శబ్దాన్ని పెంచి తగ్గిస్తుందే తప్ప స్వరాన్ని కదపదు. పాత రోడ్స్, వర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానోల మీద దీనికి వైబ్రాటో అని పేరు రాసి ఉండేది. ఆ పేరు చూసి చాలామంది అది శ్రుతిని ఊపుతుందనుకుంటారు. నిజానికి ఊగేది శబ్దమే. దాన్ని కూడా ఆపితే ఊపు లెక్కపెట్టడం సులువు.

ఈ మీట వెనక ఒకప్పుడు చేతులు మాసిపోయే పని ఉండేది. హెరాల్డ్ రోడ్స్ అనే అమెరికన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఆసుపత్రిలో ఉన్న సైనికులకు మంచం మీదే పియానో నేర్పడానికి, విమానాల్లో వాడే అల్యూమినియం గొట్టాలతో చిన్న వాయిద్యం చేశాడు. అదే ఆలోచన పెరిగి పెద్దదై రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో అయింది. అందులో తీగలు ఉండవు. ఒక్కో మెట్టుకు ఒక సన్నటి ఉక్కు పుల్ల, దాని మీద చుట్టుకుని ఉండే చిన్న స్ప్రింగ్. సుత్తి తగిలితే పుల్ల కంపిస్తుంది, ఎదురుగా ఉన్న అయస్కాంతపు పికప్ ఆ కదలికను కరెంటుగా మారుస్తుంది. స్ప్రింగ్‌ను పుల్ల కొస వైపు జరిపితే బరువు కొసకు చేరి స్వరం దిగుతుంది, మొదలు వైపు జరిపితే ఎక్కుతుంది. 73 మెట్లుంటే 73 స్ప్రింగులు, ఒక్కొక్కటిగా జరపాలి.

వర్లిట్జర్ పియానోలో పుల్లకు బదులు రీడు ఉంటుంది. కొసన సీసపు టంకం బొట్టు. ఆ బొట్టును ఆకురాయితో కాస్త గీస్తే స్వరం పెరుగుతుంది, మళ్లీ టంకం వేస్తే తగ్గుతుంది. పద్యనాటకాలకు హార్మోనియం బాగుచేసే మేస్త్రీలు మన దగ్గర ఎప్పటి నుంచో చేస్తున్నది ఇదే. ఇత్తడి రీడును కొస దగ్గర గీకితే శ్రుతి ఎక్కుతుంది, మొదలు దగ్గర గీకితే దిగుతుంది. తెనాలిలో హార్మోనియం రీడు గీకిన చేతికి, అమెరికాలో వర్లిట్జర్ రీడు గీసిన చేతికి తెలిసిన సూత్రం ఒకటే. ఒకసారి గీకిన లోహం తిరిగి రాదు. అందుకే హార్మోనియం మేస్త్రీ అంత ఆచితూచి చేయి కదుపుతాడు. సాఫ్ట్‌వేర్‌లో ఆ భయం లేదు, సున్నాకు తిప్పితే మళ్లీ మొదటికి వస్తుంది. ఈ రెంటిలో ఏది కదలాలో నిర్ణయించేది ఈ తేడాయే. ఒక ఆరాధన కోసం, ఒక రికార్డింగ్ కోసం హార్మోనియం రీడ్లు గీకరు. కదలగలిగింది పియానో ఒక్కటే కాబట్టి అదే కదలాలి. అయితే జరుగుతున్నది చాలాసార్లు దీనికి వ్యతిరేకం. "కంప్యూటర్ ఎప్పుడూ కరెక్టే" అన్న నమ్మకంతో పియానోను కదలకుండా ఉంచి, గొంతునూ వేణువునూ దాని దగ్గరికి రమ్మంటారు. 440 అన్నది ప్రకృతి పెట్టిన అంకె కాదు, మనుషులు కూర్చుని ఒప్పుకున్నది. ఫ్రాన్స్ 1859లో 435ను ప్రమాణంగా పెట్టుకుంది. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం 440ను ఎంచుకుంది. సాఫ్ట్‌వేర్‌ను 20 సెంట్లు దించితే ఇంచుమించు ఆ పాత ఫ్రెంచి శ్రుతికి చేరుతుంది.

బెజవాడ ఎండల్లో ఈ విషయం ఇంకా బాగా బయటపడుతుంది. మే నెలలో బయట 44, 45 డిగ్రీలు, స్టూడియో లోపల ఏసీ 23. వేడికి లోహపు తీగ సాగి తంబురా, వీణ శ్రుతి దిగుతాయి. వేణువు సంగతి తిరగబడుతుంది. వెదురు గొట్టంలో గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరిగి స్వరం ఎక్కుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 3 సెంట్ల తేడా. ఊదేవారి ఊపిరి వెచ్చగానే ఉంటుంది కాబట్టి గది వేడి అంతా నేరుగా స్వరంలోకి రాదు. అయినా చల్లటి గదిలో మొదటి టేక్‌కూ, పది నిమిషాలు ఊదిన తరవాతి టేక్‌కూ తేడా వినిపిస్తుంది. మృదంగం చర్మం కృష్ణ ఒడ్డు తేమకు మెత్తబడి దిగుతుంది, పొడి ఎండకు బిగిసి ఎక్కుతుంది. వీటన్నిటి మధ్య సాఫ్ట్‌వేర్ పియానో మాత్రం ఏ వేడికీ చలించదు. అది దాని గొప్పదనంగా కనిపిస్తుంది కానీ, కలిసి వాయించే చోట అదే చిక్కు. మిగతావాళ్లంతా ఒక దిక్కుకు జరిగాక అది ఒక్కటే పాత చోట నిలబడి ఉంటుంది.

ట్రాన్స్‌పోజ్ చెడ్డదని కాదు. దాని పని వేరు. మగ గొంతులు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతాయి, ఆడ గొంతులు ఐదు, ఐదున్నర, ఆరు దగ్గర. ఒకటి అంటే 'సి', ఒకటిన్నర 'సి షార్ప్', ఐదు 'జి', ఐదున్నర 'జి షార్ప్'. ఒకటిలో నేర్చుకున్న పాటను ఒకటిన్నరకు మార్చాలంటే ట్రాన్స్‌పోజ్ ఉండాల్సిందే. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ మీట ఒకచోట కాక మూడు చోట్ల ఉంటుంది. కీబోర్డు మీద ఒక బటన్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌కు ఒకటి, పియానో ప్లగిన్, అంటే ఆ పియానో సాఫ్ట్‌వేర్, లోపల ఇంకొకటి. రిహార్సల్‌లో ఒకరు కీబోర్డు మీద ప్లస్ వన్ పెట్టి వెళ్లిపోతారు, సాయంత్రం ఇంకొకరు ప్లగిన్‌లో ప్లస్ వన్ పెడతారు. పాట ఒకటిన్నర అనుకుంటే రెండులో మొదలవుతుంది. అప్పటికే తెర లేచి ఉంటే ఇక ఆ టెన్షన్ చెప్పనక్కరలేదు. ముందుగా ఒకే చోట మార్చాలని, మిగతా రెండూ సున్నాలో ఉండాలని బృందమంతా ఒప్పుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఆ ఒక్క చోటు ఏదైతే మంచిదన్నదీ చూడాలి. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ చేస్తే సాఫ్ట్‌వేర్‌కు వెళ్లే మెట్టు నంబరే మారుతుంది, అంటే పక్క మెట్టు అసలు శబ్దమే పలుకుతుంది. శాంపిల్స్‌తో, అంటే అసలు వాయిద్యం నుంచి రికార్డు చేసిన శబ్దాలతో, చేసిన పియానోలో ట్యూన్ మీటను నాలుగైదు అర శ్రుతులు తిప్పితే మాత్రం రికార్డు చేసిన శబ్దాన్నే వేగంగానో నెమ్మదిగానో తిప్పుతారు. పైకి లాగితే పియానో నాదం బొమ్మ పియానోలా పలచబడుతుంది, కిందికి లాగితే బరువెక్కి మసకబారుతుంది. కాబట్టి అర శ్రుతులన్నీ ట్రాన్స్‌పోజ్‌కు, దానికన్నా చిన్న తేడాలు ట్యూన్‌కు వదిలేయడం మేలు. 130 సెంట్లు పెంచాల్సి వస్తే ట్రాన్స్‌పోజ్ ప్లస్ వన్, ట్యూన్ ప్లస్ 30. శాంపిళ్లు లేకుండా లెక్కలతోనే శబ్దం పుట్టించే పియానోటెక్, లౌంజ్ లిజార్డ్ లాంటి వాటిలో ఈ ఇబ్బంది తక్కువ.

పాత సినిమా పాటలకు కొత్తగా కవర్లు చేసేవారికి ఈ ప్లస్ 30లు రోజూ ఎదురవుతాయి. టేపు, క్యాసెట్ తిరిగిన వేగంలో నూటికి మూడు వంతుల తేడా వస్తే చాలు, పాట 51 సెంట్లు జరుగుతుంది. అంటే ఒకటికీ ఒకటిన్నరకూ సరిగ్గా మధ్యలో. అలాంటి పాటను ఏ ట్రాన్స్‌పోజ్‌తోనూ పట్టలేం. అసలు పాట ఏ శ్రుతిలో పాడారన్న వాదన పక్కన పెట్టి, చేతిలో ఉన్న రికార్డింగ్ దగ్గరికే పియానోను తీసుకెళ్లాలి. పాట ఒకటిన్నర కన్నా 30 సెంట్లు పైన ఉంటే పియానో 'ఎ' 447.7 అవుతుంది. తేడా 150 సెంట్ల దాకా ఉండి, పాట వేగం కూడా మారినట్టు అనిపిస్తే మాత్రం అది శ్రుతి సమస్య కాకపోవచ్చు. సెకనుకు 44,100 శాంపిళ్లతో, అంటే శబ్దపు కొలతలతో, రికార్డు చేసినదాన్ని 48,000 అనుకుని ప్లే చేస్తే పాట 147 సెంట్లు పైకి పోతుంది. అది ఆడియో సెట్టింగులో సరిచేయాల్సింది, ట్యూన్ మీటతో కాదు.

ట్యూన్ పక్కనే కనిపించే ఇంకో రెండు మీటలు అయోమయం పుట్టిస్తాయి. ఉదాహరణకు లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే వింటేజ్ ఎలక్ట్రిక్ పియానోలో స్ట్రెచ్, వార్మ్‌త్ అని ఉంటాయి. స్ట్రెచ్ కింది మెట్లను ఇంకాస్త కిందికి, పై మెట్లను ఇంకాస్త పైకి లాగుతుంది. తీగల పియానోలో తీగ గట్టిదనం వల్ల దాని అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు, లెక్క కన్నా కొంచెం ఎక్కువలో పలుకుతాయి, వాటికి సరిపోవడానికి ట్యూనర్లు అలా లాగి కడతారు. ఎలక్ట్రిక్ పియానోలో తీగలే లేవు కాబట్టి ఆ కారణం ఇక్కడ వర్తించదు. పక్కన అసలు పియానో రికార్డింగ్ ఉంటే, దానితో కలవడానికి స్ట్రెచ్ పనికొస్తుంది. హార్మోనియంతోనూ తంబురాతోనూ వాయించేటప్పుడు సున్నాలో ఉంచడమే నయం. వార్మ్‌త్ ఒక్కో మెట్టును ఇష్టమొచ్చినట్టు కొంచెం అటూఇటూ జరుపుతుంది, పాత వాయిద్యంలో స్ప్రింగులు జరిగినట్టు. ఒంటరిగా వాయిస్తే ఆ పాతదనం ఎంతో అందంగా ఉంటుంది. కష్టపడి 25 సెంట్లు కలిపి కూర్చున్నాక ఈ మీట తిప్పితే మాత్రం కలిపినదంతా చెదిరిపోతుంది.

ఇంతవరకూ చెప్పింది మొత్తం పియానోను ఒక్కసారిగా జరపడం గురించి. స్వరాల మధ్య దూరాల సంగతి దీనికన్నా లోతైనది, మన సంగీతానికి దగ్గరైనది. తంబురా యాప్ ఒకటిన్నరలో పెట్టి, పియానోను కూడా సెంటు తేడా లేకుండా ఒకటిన్నరలో కలిపి, స-గ-ప మూడూ కలిపి నొక్కితే షడ్జం కలుస్తుంది, పంచమం కలుస్తుంది, గాంధారం మాత్రం తంబురా మీద గరగరమంటుంది. తంబురా షడ్జం 138.6 కంపనాల దగ్గర మోగుతుంటే, దాని ఐదో అనుస్వరం 693 దగ్గర దానంతటదే పలుకుతుంది. తంబురా బాగా కలిసినప్పుడు ఎవరూ మీటకుండానే వినిపించే గాంధారం అదే. పియానోలో ఆ చోటి మెట్టు 698.5 దగ్గర ఉంటుంది. రెండింటికీ సెకనుకు ఐదున్నర ఊపులు. పియానో తప్పు ట్యూన్ అయిందని కాదు. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసినప్పుడు అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర పడుతుంది, చెవికి హాయిగా కలిసే 5:4 నిష్పత్తి మాత్రం 386 దగ్గర ఉంది. పంచమంలో తేడా రెండే సెంట్లు, అందుకే అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు.

హార్మోనియం మీద ఒకప్పుడు వచ్చిన అభ్యంతరాల్లో ఇదొకటి. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యే నాటికి అది అమల్లోనే ఉంది. మెట్లు ఎక్కడ ఉన్నాయో అక్కడే పలుకుతాయి, శ్రుతి సూక్ష్మాలు పలకవు, గమకం పలకదు అన్నది ఆ వాదన. సాఫ్ట్‌వేర్ పియానో మెట్ల వాయిద్యమే అయినా, ఆ వాదనలో మొదటి సగానికి దాని దగ్గర జవాబు ఉంది. ఒక్కో స్వరాన్ని విడిగా జరపగల పట్టిక ఇవ్వవచ్చు. పియానోటెక్ పై ఎడిషన్లు దీనికి స్కాలా ఫైళ్లు, అంటే స్వరాల మధ్య దూరాలు రాసిన ఫైళ్లు, తీసుకుంటాయి, లాజిక్‌లో ప్రాజెక్టు మొత్తానికి ట్యూనింగ్ పట్టిక పెట్టుకునే వీలుంది.

ఇది మనకు కొత్త విషయంగా కనిపిస్తుంది కానీ, వీణకు మేళం కట్టడం చూసినవారికి కొత్త కాదు. నూజివీడు వీణల మీద 24 మెట్లను మైనంలో పొదుగుతారు. మెట్టు ఎక్కడ నిలబడాలో కొలబద్ద కాదు, కట్టేవారి చెవి చెబుతుంది. గట్టి వేసవిలో మైనం మెత్తబడితే మెట్లు జరిగి మళ్లీ కట్టించుకోవాల్సి వస్తుంది. స్కాలా ఫైలు ఆ పనికి కంప్యూటర్ రూపం, మైనం కరగదు అంతే. శంకరాభరణ రాగానికి ఒకటిన్నరలో పట్టిక కట్టాలంటే 'సి షార్ప్' షడ్జంగా సున్నా, చతుశ్రుతి రిషభం ప్లస్ 4, అంతర గాంధారం మైనస్ 14, శుద్ధ మధ్యమం మైనస్ 2, పంచమం ప్లస్ 2, చతుశ్రుతి ధైవతం మైనస్ 16, కాకలి నిషాదం మైనస్ 12. ఇలా పెట్టి స-గ-ప నొక్కితే గరగర పోయి, మూడు స్వరాలూ తంబురాలో కరిగినట్టు నిలబడతాయి. ఒకసారి విన్నాక పాత గాంధారం దగ్గరికి తిరిగి వెళ్లడం చెవికి కష్టమే.

అయితే ఈ పట్టిక ఒక షడ్జానికి కట్టుబడి ఉంటుంది. 'సి షార్ప్' మీద కట్టినదాన్ని అలాగే ఉంచి, ఐదున్నరలో పాడే గాయనికి 'జి షార్ప్' షడ్జంగా వాయిస్తే పట్టికలోని దూరాలన్నీ సరిపోవు, రిషభం, నిషాదం తప్పు చోట పడతాయి. పట్టికకు మూలస్వరాన్ని కూడా మార్చాలి. ట్రాన్స్‌పోజ్‌తో జరిపినా అంతే, పట్టిక మెట్టు నంబరును చూస్తుంది కాబట్టి కీబోర్డు మీది ప్లస్ వన్ దాన్ని మోసం చేస్తుంది. మధ్యలో శ్రుతి మారే సినిమా పాటకు, గిటారుతో కలిపి వాయించే పాటకు ఈ పట్టిక అసలు పనికిరాదు, సమాన భాగాల పద్ధతే ఉంచాలి. గిటారు మెట్లు కూడా అలాగే ఉంటాయి మరి.

హార్మోనియం మీద వచ్చిన ఆ వాదనలో రెండో సగం గమకం. పిచ్ బెండ్ చక్రం సాధారణంగా రెండు అర శ్రుతులు పైకి, రెండు కిందికి జరుపుతుంది. దాని అడుగులు చాలా చిన్నవి, మొత్తం 16,384, కాబట్టి స్వరం మెట్లు మెట్లుగా కాక నున్నగానే జారుతుంది. చిక్కు ఏమిటంటే అది నొక్కి ఉంచిన స్వరాలన్నిటినీ కలిపి జరుపుతుంది. కుడిచేత్తో గాంధారాన్ని ఊపబోతే ఎడమచేతిలోని షడ్జం, పంచమం కూడా ఊగుతాయి. ఒక్కో వేలికి విడిగా బెండ్ ఇచ్చే ఎంపీఈ కీబోర్డులు ఉన్నాయి, వాటితో ఇది సాధ్యమే. అవి లేనప్పుడు రెండు ట్రాకులు పెట్టుకుని, కదిలే స్వరాన్ని వేరే చానెల్లో వాయించవచ్చు. పైగా గమకంలో గాంధారం ఒకచోట నిలబడదు కాబట్టి, గొంతు దాన్ని ఊపుతున్నప్పుడు పియానో మైనస్ 14 దగ్గర పట్టుకుని కూర్చున్నా తగులుకుంటుంది. అలాంటి చోట పట్టిక ఎంత బాగా కట్టినా గాంధారం మెట్టు మీది నుంచి వేలు తీసేసి, ఎడమచేతిలో షడ్జ పంచమాలు మాత్రం మోగనివ్వాలి. ఆ స్వరం గొంతుది.